ఇసుక ఊరికి ఐరేని

ఈసారి ఐరేనికి బ్యాండు రాలేదు.
కొంగున బియ్యం కట్టుకొని
ముత్తయిదలు రాలేదు.
"ఓదెలూ, కుండలు తయారేనా" అని
వాకిట్ల నిలబడి పిలిచినోళ్ళు లేరు.
కారేసుకొని ఒక పిలగాడొచ్చిండు,
మెడల బిళ్ళ, చెవుల తెల్ల పూస.
కుండకొక్క బుడగల సంచి చుట్టి
అడుగున గడ్డి, మీద గడ్డి,
డబ్బా మీద ఎర్రగ ఏదో రాసిండు.
"ఏం రాసినవ్ బిడ్డా?"
"పగిలేవి, పైలం అని రాసిన అవ్వా."
నవ్వాపుకోలేకపోయిన.
యాభై ఏండ్ల సంది మన్ను పిసికిన దాన్ని,
నాకే చెప్పిండు.

పెండ్లి జైసల్మేర్లనట.
మా మడికొండ దిక్కు గుట్టలు కోసి
పలకలు చేసి అమ్మిన సేటు
ఎవలదో గుట్ట మీద కోటను
మూడొద్దులకు కిరాయికి తీస్కున్నడు.
ఒంటె మీద పిలగాడొస్తడట,
ఇసుకల దీపాలు పెడతరట.
బిడ్డ పేరు సుమేధ.
దాని తల్లి లగ్గానికి గూడ
ఐరేని మా అత్తనే చేసింది.
ముసలామె నర్సుబాయమ్మ మొండికేసిందట,
"ఐరేని లేనిది నేను విమానమెక్క" అని.
గట్లయితే ముందు కుండలే ఎక్కినయి.

ధర్మసాగరం చెరువు మన్ను అది.
ఎండకు నెర్రెలిచ్చినప్పుడు తవ్వి
ఓదెలు మోకాళ్ళ నొప్పితోనే తొక్కిండు.
సున్నం గీతలు నావి, జాజు బొట్లు నావి,
చివరి బొట్టు కాడ చెయ్యి వణికింది,
అది ఎవలికీ కనపడది.

రాత్రి పదింటికి ఫోను.
పిలగాని గొంతు ఎండిపోయింది.
"అవ్వా, పెద్దది పలిగింది. అన్నిటికింద పెట్టేది.
పొద్దుగాల్నే ముహూర్తం."
నేనన్న:
"అది ఊరే గదా.
మనుషులు నీళ్ళు తాగుతరు గదా.
కుమ్మరి ఉండకపోతడా? నడువు."

గంటకు మళ్ళ మోగింది, ఈసారి బొమ్మతోని.
ముసుగు కప్పుకున్న ఒకామె,
గాజులు మోచేతి దాక.
ఆమె చేతిల కుండ
నూకల పిండి రంగు.
ఆమె ఏదో అన్నది, నేనేదో అన్న.
"పాణీ" అని కుండ కడుపు మీద తట్టింది,
గా ఒక్క మాట తెలిసింది.
మా గోడ మీద నేను సున్నం గీత గీస్తే
కుండ మీద ఆమె గీసింది.
నేను చుక్క పెట్టిన, ఆమె పెట్టింది.
నేను చేపముల్లు గీసిన.
చేపను ఎన్నడన్న చూసిందో లేదో,
గీసి, ఇదేనా అన్నట్టు చూపింది.
కొంచెం ఒంటె పక్కటెముకల తీరున్నది.
ఉండనీ అన్న.

పిలగాడు పైసలిచ్చి కుండ ఎత్తుకోబోతే
గట్టిగ కసిరిన.
"దించు ముందు!
ఐరేనిని ఊరికె తీస్కపోతరా?
ఆమె ఒడిల బియ్యం పొయ్యి.
రైక గుడ్డ పెట్టు.
బొట్టు పెట్టి, అడిగి, అప్పుడు ఎత్తు."
పాపం, కోట దాక ఉరికి
వంటోళ్ళ కాడికెళ్ళి బాస్మతి తెచ్చిండు,
ఎవలదో కొత్త రుమాలు తెచ్చిండు రైక గుడ్డని.
ఆమె కొంగు పట్టింది.
బియ్యం పడ్డ సప్పుడు
ఇంత దూరం ఇనొచ్చింది.

ఫోను బందయినంక
నా కొంగు నేనే చూసుకున్న.
డబ్బా కారెక్కిన్నాడు
నేను గూడ పెట్టెలోని చీర కట్టుకొనే నిలబడ్డ,
ఎవలొస్తరో అని.
ఫోన్‌పేల టింగుమన్నది.
చెప్పినదానికి రెండు వందలు ఎక్కువే వేసిన్రు,
వేయలేదని అనను.

నాలుగొద్దులకు ఫోటో వచ్చింది.
కోట, పూలు, పూల మీద పూలు,
పిల్ల నవ్వు మాత్రం వాళ్ళమ్మదే.
కుండలు కనపడలె.
ఓదెలు రెండు వేళ్ళతోని పెద్దగ చేసి చేసి
బంతిపూల సందున దొరకబట్టిండు:
మన ఎర్రవాటి కింద
ఆ పచ్చటిది, ఇంతంత.
శానసేపు చూసిండు.
"నడుం మంచిగ తిప్పిండు ఆయన" అన్నడు,
ఫోను నాకిచ్చి
మన్ను మీద నీళ్ళు చల్లటానికి పోయిండు.